మెలి తిరిగిన కాంతి: బంగారు నానో కడ్డీల పనితనం



కొన్నేళ్ల క్రితం ఒక డిగ్రీ కళాశాలలో లేజర్ల గురించి పాఠం చెబుతున్నాను. తెర మీద ఒక ఫొటో చూపించాను. నల్లని నేపథ్యంలో ఎర్రని వలయం, దాని నడుమ నల్లని చుక్క. "ఇది మెలి తిరిగిన లేజర్ పుంజం. గోడ మీద పడితే అచ్చం గారెలాగా కనిపిస్తుంది" అని చెప్పి ముందుకు సాగిపోయాను. వెనుక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, "సార్, మధ్యలోకి కాంతి రాకుండా ఏం అడ్డుపెట్టారు?" అని అడిగింది. "ఏమీ అడ్డుపెట్టలేదమ్మా. ఇది సిలబస్‌లో లేదు, తరువాత చెబుతాను" అన్నాను. అంతలో గంట కొట్టారు. ఆ 'తరువాత' మళ్లీ రాలేదు. ఆ రోజు పడిన బాకీని ఈ ప్రసంగంలో తీర్చుకుంటాను.

మనం తెలుసుకోబోయేవి మూడు విషయాలు. కాంతి మెలి తిరగడమంటే ఏమిటి? వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలుచనైన లోహపు పొర ఆ మెలికను ఎలా పెడుతుంది? దానివల్ల నిజంగా ఎంత ప్రయోజనం?

కాంతి తిప్పగలదు

కాంతి ఒక వస్తువు మీద పడితే దాన్ని కొద్దిగా నెడుతుందని మీరు చదివే ఉంటారు. నెట్టడమే కాదు, తిప్పగలదు కూడా. కాంతిలోని విద్యుత్ క్షేత్రం ఒకే తలంలో పైకీ కిందికీ ఊగితే రేఖీయ ధ్రువణం అంటాం. అదే క్షేత్రం గడియారం ముల్లులా గుండ్రంగా తిరుగుతూ ముందుకు పోతే వృత్తాకార ధ్రువణం అంటాం. ఈ రెండో రకం కాంతికి కోణీయ ద్రవ్యవేగం ఉండాలని 1909లో పాయింటింగ్ సూచించాడు. 1931లో కలకత్తా నుంచి సి.వి. రామన్, సూరి భగవంతం ఫోటాన్ భ్రమణానికి ప్రయోగపూర్వక నిదర్శనం అంటూ ఒక పత్రం ప్రకటించారు. భగవంతం గారు నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టినవారు. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. 1936లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో బెత్ మరో ప్రయోగం చేశాడు. సన్నని క్వార్ట్జ్ పోగుకు ఒక స్ఫటిక పలకను వేలాడదీసి, వృత్తాకార ధ్రువణ కాంతితో దాన్ని తిప్పి చూపాడు.

అయితే ఇది ఒక రకం తిరుగుడు మాత్రమే. భూమిని తలచుకోండి. తన చుట్టూ తాను తిరగడం ఒకటి, సూర్యుని చుట్టూ తిరగడం మరొకటి. కాంతిలో ఈ రెండో దానికి సమానమైనది ఉందని స్పష్టంగా తేలడానికి 1992 దాకా పట్టింది. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో అలెన్, ఆయన సహచరులు దాన్ని నిరూపించారు. దానికి కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం అని పేరు. మెలి తిరిగిన కాంతి అంటే ఇదే.

మేకు, మరమేకు

మామూలు లేజర్ పుంజంలో తరంగాగ్రాలు కాగితాల దొంతరలాగా ఒకదాని వెనుక ఒకటి సమతలంగా ఉంటాయి. మెలి తిరిగిన పుంజంలో అవి విడివిడి కాగితాలు కావు. మరమేకు మీది గాడిలాగా అక్షం చుట్టూ చుట్టుకుంటూ పోయే ఒకే ఉపరితలం. ఇక్కడ కాంతి వంకరగా ప్రయాణించడం లేదని గమనించండి. పుంజం తిన్నగానే పోతుంది. మెలి తిరిగింది దాని దశ.

దశ అనే మాటను కోలాటంతో చెబుతాను. పన్నెండు మంది వలయంగా నిలబడి ఒకే అడుగు వేస్తున్నారనుకోండి. అందరూ ఒక్కసారే పాదం ఎత్తి ఒక్కసారే దించితే అది మామూలు పుంజం. ఇప్పుడు ప్రతివారూ తన కుడిపక్కవారి కన్నా 30 డిగ్రీల దశ ఆలస్యంగా అడుగు వేయాలని నియమం పెట్టండి. పన్నెండు మందిని దాటి మొదటివారి దగ్గరికి వచ్చేసరికి ఆలస్యం 360 డిగ్రీలు, అంటే సరిగ్గా ఒక పూర్తి ఆవర్తనం అవుతుంది. లెక్క కలిసింది. ఆ ఆలస్యం ఒక ఆవర్తనం కావచ్చు, రెండు కావచ్చు, మూడు కావచ్చు. ఒకటిన్నర మాత్రం కాకూడదు. అయితే మొదటివారి అడుగు వారితోనే కలవదు. అందుకే మెలిక సంఖ్య ఎప్పుడూ పూర్ణాంకమే.

ఈ వలయానికి నట్టనడుమ ఏం జరుగుతుంది? మెలిక సంఖ్య 1 అయినప్పుడు ఎదురెదురుగా ఉన్న ఇద్దరిలో ఒకరి పాదం పైకి లేచే వేళకు రెండోవారి పాదం కిందికి దిగుతుంది. తరంగాలలో ఇవి రెండూ కేంద్రం దగ్గర కలిస్తే ఒకదాన్నొకటి పూర్తిగా రద్దు చేసుకుంటాయి. ప్రతి జంటకూ ఇదే గతి. మెలిక సంఖ్య ఎంతైనా చివరికి కేంద్రంలో మిగిలేది సున్నాయే. అందుకే అక్కడ చీకటి. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇదే: ఎవరూ అడ్డుపెట్టలేదు, కాంతే కాంతిని రద్దు చేసుకుంది. గారెకు చిల్లు పెట్టింది వ్యతికరణమే.

ఇలాంటి పుంజంలో ప్రతి ఫోటాన్‌కూ మెలిక సంఖ్యకు అనుగుణంగా కోణీయ ద్రవ్యవేగం ఉంటుంది. ప్లాంక్ స్థిరాంకాన్ని రెండు 'పై'లతో భాగిస్తే వచ్చే విలువను ఒక ప్రమాణం అనుకుందాం. ధ్రువణం వల్ల ఫోటాన్‌కు దక్కేది గరిష్ఠంగా ఒక్క ప్రమాణం. మెలిక వల్ల రెండు, మూడు, పది, ఎన్నైనా దక్కవచ్చు. 1995లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మెలి తిరిగిన పుంజంతో కాంతిని శోషించే సూక్ష్మ కణాలను సూక్ష్మదర్శిని కింద గిరగిరా తిప్పి చూపారు.

మందంతో పెట్టే మెలిక

మెలిక పెట్టడానికి అన్నిటికన్నా సూటి మార్గం గాజు. గాజులో కాంతి నెమ్మదిగా నడుస్తుంది. కాబట్టి మందం పెరిగిన కొద్దీ ఆలస్యం పెరుగుతుంది. గుండ్రటి మెట్లదారిలాగా చుట్టూ తిరుగుతూ మందం పెరిగే పలకను తయారుచేస్తే, దాన్ని దాటిన కాంతి మెలి తిరుగుతుంది. ఒక చుట్టుకు ఎంత ఎత్తు పెరగాలి? తరంగదైర్ఘ్యాన్ని, వక్రీభవన గుణకంలోంచి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్యతో భాగించాలి. 633 నానోమీటర్ల ఎర్రని లేజర్‌కు, 1.5 వక్రీభవన గుణకం గల గాజుకు ఇది 1266 నానోమీటర్లు. ఇంత చిన్న మెట్టును వంపు చెడకుండా చెక్కడం కష్టం. పైగా తరంగదైర్ఘ్యం మారితే పలక కూడా మారాలి.

ఇక్కడే ఒక ప్రశ్న పుట్టింది. మందం లేకుండా దశను మార్చగలమా?

లోహం ఎందుకు?

ఒకప్పుడు ఇళ్ల కప్పుల మీద దూరదర్శన్ కోసం కట్టిన యాంటెనాలు మీకు గుర్తుండే ఉంటాయి. 200 మెగాహెర్ట్జ్ తరంగపు దైర్ఘ్యం ఒకటిన్నర మీటర్లు. ఆ యాంటెనాలో ప్రధానమైన కడ్డీ పొడవు దానిలో సగం, ముప్పావు మీటరుకు అటూ ఇటూగా ఉండేది. కాంతి కూడా విద్యుదయస్కాంత తరంగమే కనుక దానికీ యాంటెనా కట్టవచ్చు. కాకపోతే కడ్డీ పొడవు వంద, రెండు వందల నానోమీటర్లకు దిగుతుంది. బంగారం, వెండి వంటి లోహాలలో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా కదులుతాయి. కాంతి తాకగానే అవి కడ్డీ ఈ కొస నుంచి ఆ కొసకు ఊగుతాయి. అలా ఊగుతూ తిరిగి కాంతిని వెదజల్లుతాయి.

ఈ ఊపు ఉయ్యాల లాంటిది. ఉయ్యాల సహజ పౌనఃపున్యం కన్నా నెమ్మదిగా తోస్తే అది చేతితో పాటే కదులుతుంది. సహజ పౌనఃపున్యం దగ్గర తోస్తే 90 డిగ్రీలు వెనుకబడుతుంది. ఇంకా వేగంగా తోస్తే 180 డిగ్రీల దాకా వెనుకబడుతుంది. అంటే కడ్డీ పొడవును సరిచేస్తే కాంతికి మనం కోరిన ఆలస్యం వస్తుంది. దానికి మందం అక్కరలేదు. అయితే ఒక చిక్కు ఉంది. మెలికకు 360 డిగ్రీల ఆలస్యం కావాలి. ఒంటరి కడ్డీ 180తో ఆగిపోతుంది.

ఈ చిక్కును 2011లో హార్వర్డ్‌లోని ఫెడెరికో కపాసో బృందం విప్పింది. వారు ఒక కడ్డీకి బదులు రెండు కడ్డీలను పట్టకారులాగా ఒక కొసన కలిపారు. ఇందులో ఎలక్ట్రాన్లు రెండు విధాలుగా ఊగగలవు. ఆ రెండూ కలిసి, వచ్చిన ధ్రువణానికి లంబంగా ఉండే ధ్రువణంలో కాంతిని వెలువరిస్తాయి. చేతుల పొడవు, నడిమి కోణం మార్చి నాలుగు ఆకారాలు ఎంచుకున్నారు. వాటినే 90 డిగ్రీలు తిప్పితే మరో నాలుగు వచ్చాయి. వాటి దశ 180 డిగ్రీలు అదనం. మొత్తం ఎనిమిది ఆకారాలు, ఒక్కొక్కదానికీ 45 డిగ్రీల తేడా. సిలికాన్ పలకను ఎనిమిది ముక్కలుగా కోసిన రొట్టెలా ఊహించుకోండి. ఒక్కో ముక్కలో ఒక్కో ఆకారం బంగారు యాంటెనాలను నింపారు. 8 మైక్రోమీటర్ల పరారుణ కాంతిని పంపితే అవతలివైపు మెలి తిరిగిన పుంజం వచ్చింది. బంగారం మందం 50 నానోమీటర్లు, అంటే ఆ తరంగదైర్ఘ్యంలో 160వ వంతు. ఇలా నానో ఆకృతులు పరిచి కాంతిని మలిచే ఉపరితలాన్ని మెటాసర్ఫేస్ అంటారు.

కోణంతో పెట్టే మెలిక: పంచరత్నం దారి

ఎనిమిది ఆకారాలు అవసరమా? ఒకే ఆకారం చాలదా? చాలుతుంది. దీని మూలం మన దేశంలోనే ఉంది. 1956లో బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థలో ఎస్. పంచరత్నం అనే 22 ఏళ్ల యువకుడు స్ఫటికాలలో ధ్రువణ కాంతి వ్యతికరణాన్ని పరిశీలిస్తున్నాడు. ఆయన రామన్ మేనల్లుడు. కాంతి ధ్రువణ స్థితిని మార్చుకుంటూ పోయి మళ్లీ మొదటి స్థితికే తీసుకువస్తే, దారి పొడవుతో సంబంధం లేని ఒక అదనపు దశ మిగిలిపోతుందని ఆయన కనుగొన్నాడు.

దీన్ని గడియారంతో చూపిస్తాను. వృత్తాకార ధ్రువణ కాంతిలోని విద్యుత్ క్షేత్రాన్ని ముల్లు అనుకోండి. కడ్డీ నిలువుగా, 12 అంకె వైపు ఉంది. ముల్లు 12 మీదికి రాగానే కడ్డీ స్పందిస్తుంది. ఇప్పుడు కడ్డీని 30 డిగ్రీలు వాల్చి 1 అంకె వైపు పెట్టండి. ముల్లు 1 దగ్గరికి రావడానికి మరో 30 డిగ్రీలు తిరగాలి. ఇది మొదటి ఆలస్యం. కడ్డీ స్పందించి వెలువరించే కాంతిలో అపసవ్యంగా తిరిగే ముల్లును మాత్రమే చూద్దాం. అది 1 దగ్గర బయలుదేరి వెనక్కి తిరుగుతుంది. 12ను చేరడానికి మరో 30 డిగ్రీలు కావాలి. ఇది రెండో ఆలస్యం. మొత్తం 60 డిగ్రీలు. అంటే కడ్డీ వాలు ఎంతో, దశ మార్పు దానికి రెండింతలు. సవ్యంగా తిరిగే ముల్లును చూస్తే ఈ తేడా రాదు, కాగితం మీద గీసి చూడండి.

ఈ లెక్కలో తరంగదైర్ఘ్యం ఎక్కడా రాలేదని గమనించారా? ఎంత కాంతి దిశ మార్చుకుంటుందన్నది రంగును బట్టి మారవచ్చు. మారిన కాంతికి అంటే దశ మాత్రం కోణాన్ని బట్టే ఉంటుంది.

కాబట్టి ఒకే కొలత గల కడ్డీలను వలయాలుగా పరచి, చుట్టూ పోయిన కొద్దీ వాటిని కొంచెం కొంచెం వాలిస్తే చాలు. ఒక చుట్టులో కడ్డీ అర మలుపు తిరిగితే మెలిక సంఖ్య 1. కడ్డీకి తలా తోకా లేవు కనుక అర మలుపు తరువాత అది మొదటి కడ్డీలాగే కనిపిస్తుంది, వలయం అతుకు లేకుండా కలుస్తుంది. కడ్డీలను బండి చక్రం ఆకులలాగా అమర్చితే, ఒక చుట్టులో పూర్తి మలుపు వస్తుంది. మెలిక సంఖ్య 2 అవుతుంది. ఇక్కడ ఒక చక్కని జమాఖర్చు ఉంది. లోపలికి వచ్చిన ఫోటాన్ దగ్గర ధ్రువణం వల్ల కూడిక ఒకటి ఉంది. బయటికి వచ్చినప్పుడు అది తీసివేత ఒకటి అయింది. మెలిక వల్ల కూడిక రెండు వచ్చింది. మొత్తం మళ్లీ ఒకటే! కోణీయ ద్రవ్యవేగం ఎక్కడికీ పోలేదు. వచ్చే కాంతి అపసవ్య ధ్రువణమైతే మెలిక కూడా ఎదురు దిక్కుకు మారుతుంది.

పంచరత్నం పత్రాన్ని చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1984లో బ్రిటిష్ శాస్త్రవేత్త మైకేల్ బెర్రీ క్వాంటం వ్యవస్థలలో ఇలాంటి జ్యామితీయ దశను ప్రకటించాడు. 1986లో రామశేషన్, రాజారాం నిత్యానంద ఆ రెంటి బంధుత్వాన్ని కరెంట్ సైన్స్ పత్రికలో ఎత్తిచూపారు. మరుసటి ఏడాది బెర్రీ కూడా పంచరత్నం పనిని వివరిస్తూ పత్రం రాశాడు. అప్పటికి పంచరత్నం లేడు; 1969లో 35 ఏళ్లకే ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశాడు. 2002లో ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ సంస్థలో హాస్మన్ బృందం అర్ధవాహక పలక మీద సన్నని గాళ్లు చెక్కి, ఇదే సూత్రంతో పరారుణ కాంతిని మెలిపెట్టింది. ఈ విభాగంలో ఇప్పుడు పంచరత్నం–బెర్రీ దశ అన్నది నిత్యం వినిపించే పేరు.

తయారీ, నష్టం, లాభం

ముగ్గు అచ్చును తలచుకోండి. గాజు పలక మీద ఒక పాలిమర్ పూత పూస్తారు. ఎలక్ట్రాన్ పుంజంతో ఆ పూత మీద కడ్డీల ఆకారాలు రాస్తారు. రాసిన చోట పూత రసాయనంలో కరిగి చిల్లులు పడతాయి. దాని మీద శూన్యంలో బంగారపు ఆవిరిని పట్టిస్తారు. మిగిలిన పూతను కడిగేస్తే, చిల్లులలో దిగిన బంగారం మాత్రం పలకకు అంటుకుని ఉంటుంది. అచ్చు తీసేస్తే ముగ్గు మిగిలినట్టే. కడ్డీలను ఒక్కొక్కటిగా రాయాలి కనుక ఈ పని నెమ్మది, ఖర్చూ ఎక్కువే.

ఇక నష్టం సంగతి. కొత్త సాంకేతికత గురించి చదివినప్పుడు "లోపలికి పోయిన కాంతిలో ఎంత వంతు పనికివచ్చింది?" అని తప్పక అడగండి. లోహం కొంత కాంతిని మింగి వేడిగా మారుస్తుంది. అది కాక మరో హద్దు ఉంది. అతి పలుచని ఒంటి పొరలో ఊగే ఎలక్ట్రాన్లకు ముందు, వెనుక అనే తేడా తెలియదు. రెండువైపులా సమానంగా వెదజల్లుతాయి. అందులోనూ మనకు కావలసిన ధ్రువణం సగమే. సగంలో సగం, అంటే 25 శాతం దాటి రాబట్టడం ఇలాంటి పొరకు సిద్ధాంతరీత్యానే అసాధ్యం.

దీనికి ఒక ఉపాయం, వెనుక అద్దం పెట్టడం. కింద బంగారు పొర, నడుమ మెగ్నీషియం ఫ్లోరైడ్ పొర, పైన బంగారు కడ్డీలు. వెనుక దారి మూసుకుపోయింది కనుక కాంతి అంతా ముందుకే రావాలి. 2015లో ఈ అమరికతో చేసిన ఒక హోలోగ్రాం 825 నానోమీటర్ల దగ్గర 80 శాతం సామర్థ్యం చూపింది. కాంతి పలకను దాటి అవతలికి పోవాలంటే మాత్రం సిలికాన్, టైటానియం డయాక్సైడ్ వంటి పదార్థాలతో స్తంభాలు నిలపడం మేలని ఇప్పుడు తేలింది. అవి కాంతిని మింగేది తక్కువ. లోహం తన బలం చూపేది పరావర్తనంలోనూ, పరారుణంలోనూ, లోహపు ఉపరితలాన్నే అంటిపెట్టుకుని పాకే ప్లాస్మాన్ తరంగాలలోనూ. బంగారు పొర మీద దోమల చుట్టలాంటి గాడి చెక్కితే, ఆ గాడి దగ్గర పుట్టిన ప్లాస్మాన్ తరంగాలు కేంద్రానికి చేరేసరికి సుడి తిరుగుతాయి.

ఉపయోగాలలో ఎక్కువగా వినిపించేది సమాచార ప్రసారం. ఒక్కో మెలిక సంఖ్యను ఒక్కో దారిగా వాడితే ఒకే తంతువులో ఎక్కువ సమాచారం పంపవచ్చు. 2013లో 1.1 కిలోమీటర్ల ప్రత్యేక తంతువులో సెకనుకు 1.6 టెరాబిట్లు పంపారు. 2016లో ప్రకటించిన ప్రయోగంలో కానరీ దీవులలో ఒక దీవి నుంచి మరో దీవికి, 143 కిలోమీటర్ల దూరం, మెలికల రూపంలో సందేశం పంపారు. ఇలాంటి ప్రయోగాలలో మెలిక పెట్టడానికి సాధారణంగా ద్రవస్ఫటిక తెరలు వాడతారు. ఆ పనిని గోరంత చిప్ మీదికి తేవాలన్నదే మెటాసర్ఫేస్‌ల ఆశ.

మెలికలు అనంతం కనుక దారులూ అనంతం అని రాసేవారున్నారు. నమ్మకండి. మెలిక సంఖ్య పెరిగిన కొద్దీ గారె వెడల్పవుతుంది, దూరం పోయిన కొద్దీ ఇంకా విచ్చుకుంటుంది. దాన్ని పట్టుకునే కటకం పరిమాణమే హద్దు. గాలిలోని కల్లోలం ఒక మెలికను పక్క మెలికలోకి కలిపేస్తుంది. రేడియో తరంగాలతో ఇదే పద్ధతి అప్పటికే ఉన్న బహుళ యాంటెనాల పద్ధతిలో ఒక ప్రత్యేక సందర్భమేనని స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో చూపారు.

మీరు చేయదగినది

నానో కడ్డీలు మన ప్రయోగశాలల్లో లేకపోవచ్చు. గారెను మాత్రం చూడవచ్చు. కంప్యూటరులో నిలువు గీతల జాలకం గీయండి. కేంద్రం దగ్గర ఒక గీత రెండుగా చీలి పంగలకర్రలా కనిపించాలి. మిల్లీమీటరుకు ఐదు గీతలు వచ్చేలా తగ్గించి పారదర్శక ఫిల్ము మీద అచ్చు వేయండి. ఎర్రని లేజర్ పాయింటరు కాంతి సరిగ్గా ఆ పంగ మీద పడాలి. ఐదు మీటర్ల దూరంలో గోడ మీద నడిమి చుక్కకు అటూ ఇటూ ఒకటిన్నర సెంటీమీటర్ల దూరంలో రెండు చిన్న గారెలు కనిపిస్తాయి. ఒకటి కుడి మెలిక, ఒకటి ఎడమ మెలిక. అచ్చు ముతకగా ఉంటే మొదట చుక్కలే రావచ్చు. ఫిల్మును మెల్లగా జరుపుతూ వెతకండి. లేజర్ కాంతిని గోడ మీదే చూడాలి, కంటిలోకి ఎప్పుడూ పడనివ్వకూడదు.

సారాంశం

మెలి తిరిగిన కాంతి అంటే దశ అక్షం చుట్టూ మరలా చుట్టుకున్న కాంతి. దాన్ని గాజు మందంతో, లోహపు కడ్డీ ఆకారంతో, లేదా కేవలం కడ్డీ కోణంతో చేయవచ్చు. మూడో మార్గానికి పునాది బెంగళూరులో పడింది.

ఆలోచించండి: ఒకటి, కడ్డీలు ఒక చుట్టులో ఒకటిన్నర మలుపులు తిరిగితే మెలిక సంఖ్య ఎంత? రెండు, 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌కు 1.5 గుణకం గల గాజు మెట్టు ఎత్తు ఎంత? జవాబులు: 3; 1064 నానోమీటర్లు. మూడోదానికి జవాబు నేనివ్వను: ఒక చుట్టులో కడ్డీ పావు మలుపు మాత్రమే తిరిగితే వలయం ఎందుకు కలవదు? కోలాటం దగ్గరికి మళ్లీ వెళ్లి చూడండి.

ఆ వెనుక బెంచీ అమ్మాయి ఈ పుస్తకం చదువుతూ ఉంటే, జవాబు ఆలస్యమైనందుకు మన్నించమని కోరుతున్నాను. ఈ ప్రసంగం చదివాక మీకు ఏదైనా ప్రశ్న వస్తే సిలబస్‌లో ఉందో లేదో చూడకుండానే అడగండి.